ఏత్వం నొక్కితే సేవ్ కాదు

మన గుణింతంలో ఏత్వానికి సొంత బతుకు లేదు. క మీదికెక్కితే కే, ల మీదికెక్కితే లే. హల్లు లేకుండా ఏత్వాన్ని ఒక్కదాన్నే రాయమంటే మనం రాయం, రాసినా చదవలేం. కంప్యూటర్ మాత్రం రాస్తుంది. హల్లు ఉండాల్సిన చోట చుక్కలతో ఒక సున్నా గీసి, దాని నెత్తిన ఏత్వం పెట్టి చూపిస్తుంది. పోయిన వేసవి సెలవుల్లో ముంబయి కామాఠీపురాలో నాకు ఒక చిక్కు విడిపోయింది ఆ చుక్కల సున్నా వల్లే. చిక్కు కీబోర్డుదే అయినా దెబ్బ తగిలింది మనవాళ్ళ పేర్లకు. అందుకే దీన్ని మన గోడపత్రికలో రాస్తున్నాను.

కామాఠీపురాలో మా పెద్దమ్మ ఉంటుంది. మా అమ్మ పుట్టింది కూడా అక్కడి చాళ్‌లోనే. సెలవుల్లో ఎక్కడికి వెళ్తున్నావని అడిగినవాళ్ళు ఆ పేరు వినగానే మాట మార్చేస్తారు. సినిమాలు ఆ పేరుకు ఒకే అర్థం నేర్పాయి. అసలు పేరు మాత్రం మనవాళ్ళదే. ముంబయి ఏడు దీవులను కలుపుతూ అడ్డుకట్టలు, రోడ్లు వేస్తున్న రోజుల్లో, 18వ శతాబ్దం చివర నుంచి, నిజాం రాజ్యంలోని తెలుగు ఊళ్ళ నుంచి కూలిపనికి వెళ్ళినవాళ్ళను అక్కడ కామాఠీలు అన్నారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటు కామాఠీపురా అయింది. తర్వాత పద్మశాలీలు, ఇంకా ఎన్నో కులాలవాళ్ళు బట్టల మిల్లుల్లో పనికి వెళ్ళారు. మా తాత మిల్లులో పనిచేశాడు. 1982 జనవరిలో మొదలైన సమ్మె తర్వాత మళ్ళీ మిల్లు గేటు దాటలేదు. అమ్మమ్మ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. మా ఇంట్లో చరిత్ర అంటే ఇంతే, మూడు వాక్యాలు.

అక్కడి తెలుగువాళ్ళ చరిత్ర అంతకన్నా పెద్దది. జోతిబా ఫులే 1873లో పుణెలో సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్ళలో తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు వాళ్ళలో ఒకరు. ఆయన పేరు మరాఠీ పుస్తకాల్లో వెతికితే వెంకయ్య కాస్తా వ్యంకయ్యా అయి కనిపిస్తాడు. ఎవరూ కావాలని చేసింది కాదు. ఒక భాష పేరు ఇంకో లిపిలోకి వెళ్ళేటప్పుడు అక్కడ దొరికిన అక్షరంలోనే సర్దుకోవాలి. కామాఠీపురాలో ఈ సర్దుబాటు రెండు వందల ఏళ్ళుగా నడుస్తూనే ఉంది.

పెద్దమ్మ వాళ్ళ గల్లీలో తెలుగువాళ్ళ సంఘం ఒకటి ఉంది. చిన్నది. ఇంటికింత చందా వేసుకుంటారు, ఎవరైనా చనిపోతే ఆ డబ్బు ఖర్చుకిస్తారు, బోనాలకు, బతుకమ్మకు కొంత వాడతారు. ఆ సంఘానికి పెద్ద పెద్ద అట్టల రిజిస్టర్లున్నాయి. అన్నీ తెలుగులో. పేరు, తండ్రి పేరు, సొంత ఊరు, చాళ్, ఖోలీ నంబరు, చేరిన సంవత్సరం. రాసిన చేతులు మారాయి గానీ భాష మారలేదు. ముంబయి కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడిపేది కాబట్టి పెద్దమ్మ తరంవాళ్ళు చాలామంది తెలుగు రాయగలరు. వాళ్ళ పిల్లలు మాట్లాడతారు, రాయలేరు.

పాత చాళ్ళన్నీ పడగొట్టి కలిపి కొత్తగా కట్టే పథకం మ్హాడా చేతిలో నడుస్తోంది. అందుకే గల్లీలో ఇప్పుడు ఎవరి నోట విన్నా కాగితాల మాటే. మా తాత ఏ సంవత్సరంలో ఈ ఖోలీలోకి వచ్చాడు, ఎవరి పేరున ఉంది, ఆధార్‌లో పేరు, రేషన్ కార్డులో పేరు, కరెంటు బిల్లులో పేరు ఒకటేనా. సంఘం రిజిస్టరు ఆఫీసులో చెల్లుతుందా లేదా అన్నది వేరే సంగతి. ఇంట్లో ఎవరికీ గుర్తులేని సంవత్సరం అందులో దొరుకుతుంది. దాన్ని పట్టుకుని మిగతా కాగితాలు వెతుక్కోవచ్చు. రిజిస్టర్లు చెదలు పట్టకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించాలని సంఘంవాళ్ళు అందుకే అనుకున్నారు.

ఒక అబ్బాయి బ్రౌజర్‌లో తెరుచుకునే ఫారం ఒకటి తయారుచేసి ఇచ్చాడట. నింపి సేవ్ చేస్తే అదే కంప్యూటర్‌లోని డేటాబేస్‌లోకి వెళ్తుంది. తర్వాత అతనికి ఉద్యోగం వచ్చి ఊరు వెళ్ళిపోయాడు. ఎక్కించే పని గల్లీలోని ఇద్దరక్కలది. సాయంత్రం ఇంటిపని అయ్యాక వచ్చి కూర్చునేవారు. మౌస్ పట్టుకుంటే పని సాగదని ఆ అబ్బాయి షార్ట్‌కట్లు పెట్టాడు. కంట్రోల్ ఎస్ నొక్కితే సేవ్, కంట్రోల్ డి నొక్కితే పై రికార్డులోని చాళ్ పేరు కిందికి దిగుతుంది, కంట్రోల్ ఎన్ నొక్కితే కొత్త రికార్డు, ఎంటర్ కొడితే తర్వాతి గడి. ఆలోచన మంచిదే. ఒకే చాళ్‌లో ఎనభై ఇళ్ళుంటే చాళ్ పేరు ఎనభై సార్లు ఎవరు కొడతారు?

నేను వెళ్ళిన రెండోరోజే పెద్దమ్మ నన్ను అక్కడ కూర్చోబెట్టింది. "కాలేజీల కంప్యూటర్ సదువుతున్నది, జర సూడనియ్యిన్రి" అంది. మనకున్నది బి.ఏ.లో ఒక కంప్యూటర్ పేపరు. ఆ మాట చెప్పినా ఎవరూ వినలేదు.

పెద్దక్క చెప్పిన ఫిర్యాదు ఇది. "సేవ్ కొడుత. ఒక డబ్బా వస్తది. ఎంటర్ కొడితే పోతది. తెల్లారి సూస్తే ఆ పేరుండది." రోజూ కాదు. కొన్ని ఉంటున్నాయి, కొన్ని పోతున్నాయి. కంప్యూటర్ పాతదని ఒకరు, కరెంటు తక్కువ వస్తోందని ఒకరు, దిష్టి అని పెద్దమ్మ.

నేను కాసేపు ఏమీ ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాను. అక్క తెలుగులో పేరు కొట్టి కంట్రోల్ ఎస్ నొక్కింది. డబ్బా వచ్చింది. అది ఫారం డబ్బా కాదు, పేజీని ఎక్కడ దాచాలని బ్రౌజర్ అడిగే డబ్బా. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాను. అదే పేజీ కాపీలు వరసగా, పక్కన బ్రాకెట్లో ఒకటి, రెండు, మూడు అంటూ డజన్లకొద్దీ ఉన్నాయి. అక్క సేవ్ చేశాననుకున్న ప్రతిసారీ రికార్డు డేటాబేస్‌లోకి పోలేదు, ఖాళీగా పేజీ ఒకటి వచ్చి ఇక్కడ పడింది. బుక్‌మార్కుల్లోనూ ఇదే పేజీ ఉంది, అది కంట్రోల్ డి చలవ.

అంటే షార్ట్‌కట్ ఫారం చెవిన పడడం లేదు. ఫారం పట్టుకోకపోతే బ్రౌజర్ తన అలవాటు ప్రకారం తను చేసుకుపోతుంది. మరి కొన్నిసార్లు ఎలా సేవ్ అవుతోంది? ఇక్కడ చిన్నక్క అసలు మాట చెప్పింది. "ఇంగ్లీషుల పెట్టి కొడితే ఐతది అక్కా. అందుకే నేను పేర్లు గూడ ఇంగ్లీషులనే కొడుతున్న."

నాకు అక్కడ గుండె జారింది. ప్రతి పేరుకూ తెలుగులోకి మార్చి, కొట్టి, మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చి సేవ్ చేయడం విసుగే. రోజుకు నలభై పేర్లు కొట్టేవాళ్ళు ఆ విసుగు ఎందుకు భరించాలి? అలా రెండు వందల పైచిలుకు పేర్లు తెలుగు రిజిస్టర్లోంచి ఇంగ్లీషులోకి దిగిపోయాయి. మొత్తం అయ్యాక రిజిస్టర్లు అటక మీదికి వెళ్తాయి. ఇక మిగిలేది తెర మీదున్నదే.

ఇంగ్లీషులో ఏం పోతుందో ఈ డిపార్ట్‌మెంటులో నేను చెప్పక్కర్లేదు. దీర్ఘం పోతుంది, ల ళ ఒకటవుతాయి, ద డ ధ ఒకటవుతాయి. ఏ, డి, ఇ, పి, యు అని ఐదక్షరాలు చూసి అది అడెపో ఆడెపో ఆడేపో ఎవరు చెప్పగలరు? బూర అన్న ఇంటిపేరును ఇంగ్లీషులో చూసి హిందీవాళ్ళు బురా అని చదివితే చెడ్డ అని అర్థం. ఆ ఇంటి పిల్లలు బడిలో పడిన పాట్లు పెద్దమ్మ నవ్వుతూ చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు.

ఇక పని మొదలుపెట్టాను. మా ల్యాబ్‌లో మేడం ఎప్పుడూ చెప్పే మాట, ఒకసారికి ఒకటే మార్చి చూడు. అలాగే చేశాను. మౌస్‌తో సేవ్ బటన్ నొక్కాను. తెలుగైనా ఇంగ్లీషైనా రికార్డు వెళ్ళింది. కాబట్టి డేటాబేస్ బాగానే ఉంది. ఇంగ్లీషులో పెట్టి కంట్రోల్ ఎస్ నొక్కాను. వెళ్ళింది. క్యాప్స్ లాక్ వేసి నొక్కాను. వెళ్ళలేదు. తెలుగులో నొక్కాను. వెళ్ళలేదు. ఇంగ్లీషులో కూడా అప్పుడప్పుడూ ఎందుకు పోతోందో క్యాప్స్ లాక్ దగ్గర తెలిసింది. "కంప్యూటర్ పాతది" అన్న మాట పుట్టింది అక్కడే.

తర్వాత స్క్రిప్ట్ తెరిచాను. మీట నొక్కగానే నడిచే భాగం పది వరసలు కూడా లేదు. అందులోని షరతును తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: కంట్రోల్ నొక్కి ఉండి, వచ్చిన అక్షరం చిన్న బడి ఎస్ అయితే, సేవ్ చెయ్యి. చూడ్డానికి తప్పేం లేదు. అయితే స్క్రిప్ట్‌కు నిజంగా ఏం వస్తోంది? వచ్చినదాన్ని వచ్చినట్టు తెర మీద చూపించే ఒక వరస దానికి కలిపి, అదే మీటను మూడు రకాలుగా నొక్కాను. మొదటిసారి చిన్న ఎస్. క్యాప్స్ లాక్‌తో పెద్ద ఎస్. తెలుగులో నొక్కితే, చుక్కల సున్నా నెత్తిన ఏత్వం.

వీళ్ళు వాడుతున్నది ఇన్‌స్క్రిప్ట్ అమరిక. 1980ల్లో భారత ప్రభుత్వం చాలా దేశభాషలకు కలిపి ఖాయం చేసిన అమరిక అది. అచ్చులూ గుణింతం గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. కె మీట నొక్కితే తెలుగులో మన క వస్తుంది, మరాఠీలో మరాఠీ క వస్తుంది. అందుకే మరాఠీ టైపింగ్ నేర్చుకున్న పెద్దక్కకు తెలుగు వారంలో వచ్చేసింది. ఆ అమరికలో ఎస్ మీట మీదున్నది ఏత్వం. డి మీద పొల్లు. ఎఫ్ మీద గుడి, జి మీద కొమ్ము. అక్క కంట్రోల్‌తో ఎస్ నొక్కుతోంది, స్క్రిప్ట్‌కు ఏత్వం అందుతోంది, అది ఎస్ కాదు కాబట్టి స్క్రిప్ట్ ఊరుకుంటోంది.

ఇది అక్కలకు చెప్పడానికి నాకు చాళ్ సంగతే పనికొచ్చింది. మీట అంటే ఖోలీ. అక్షరం అంటే అందులో ఉండే కిరాయిదారు. ఇంగ్లీషులో పెడితే ఆ ఖోలీలో ఎస్ ఉంటుంది, తెలుగులో పెడితే ఏత్వం ఉంటుంది. మనుషులు మారతారు, ఖోలీ నంబరు మారదు. జావాస్క్రిప్ట్‌లో మీట నొక్కిన ప్రతిసారీ ఈ రెండు సంగతులూ విడివిడిగా వస్తాయి. "కీ" అన్నది కిరాయిదారు పేరు చెప్తుంది, "కోడ్" అన్నది ఖోలీ నంబరు చెప్తుంది. స్క్రిప్ట్ పేరు పట్టుకుని పిలుస్తోంది. ఖోలీ నంబరు పట్టుకుని పిలిస్తే సరిపోతుంది. "గంతేనా?" అంది చిన్నక్క. అంతే. కోడ్ "కీ ఎస్" అయితే సేవ్ చెయ్యి అని మార్చి, బ్రౌజర్ తన పని తను చేయకుండా ఆపమన్న మాట దాని పక్కన పెట్టాను. క్యాప్స్ లాక్ తంటా కూడా దానితోనే పోయింది. షిఫ్ట్ గానీ ఆల్ట్ గానీ కలిసి ఉంటే ఊరుకోమన్నాను.

ఇక్కడొక మెలిక ఉంది. అన్ని దేశాల్లో ఖోలీలు ఒక్కలా ఉండవు. ఫ్రెంచివాళ్ళ కీబోర్డులో మన క్యూ ఉన్నచోట ఏ ఉంటుంది. అక్కడ ఖోలీ నంబరు పట్టుకుంటే మీట మీద ఒకటి రాసి ఉంటుంది, పని ఇంకొకటి జరుగుతుంది. ముందు అక్షరం చూసి, అది ఇంగ్లీషు అక్షరమైతే దాన్నే నమ్మి, కాకపోతే ఖోలీ నంబరు చూడడం అందరికీ కుదిరే పద్ధతి. మనకు దొరికే కీబోర్డులన్నీ ఇంచుమించు ఒకే అమరికవి కాబట్టి మా పనికి ఖోలీ నంబరు ఒక్కటే చాలింది.

కంట్రోల్ ఎన్ మాత్రం ఎన్ని చేసినా లొంగలేదు. ఏ భాషలో నొక్కినా కొత్త విండో తెరుచుకుంటోంది. అది స్క్రిప్ట్ లోపం కాదు. కొత్త విండో, కొత్త ట్యాబ్, ట్యాబ్ మూసేయడం, ఈ షార్ట్‌కట్లను బ్రౌజర్ తన దగ్గరే పెట్టుకుంటుంది, పేజీకి ఇవ్వదు. వాటితో పోట్లాడి లాభం లేదు. కొత్త రికార్డుకు ఎఫ్ 8 పెట్టాను. పైవరస ఎఫ్ మీటలు ఏ భాషలో పెట్టినా మారవు.

నాలుగోది ఎంటర్. చిన్నక్కకు ఇన్‌స్క్రిప్ట్ రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు మాటలు చూపించే ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకుంటానంది. అందులో కావాల్సిన మాట ఎంచుకుని ఎంటర్ కొట్టి ఖాయం చేస్తారు. ఫారం ఆ ఎంటర్‌ను కూడా తనదే అనుకుని తర్వాతి గడికి దూకేస్తోంది. సగం పేరు ఒక గడిలో, సగం ఇంకో గడిలో. మాట ఇంకా తయారవుతూ ఉందా అని అడిగే ఏర్పాటు కూడా జావాస్క్రిప్ట్‌లో ఉంది. అవును అని జవాబొస్తే ఎంటర్‌ను ముట్టుకోవద్దని ఒక వరస రాశాను. రెండు సాయంత్రాల పని మొత్తం కలిపితే ఇరవై వరసలు దాటలేదు.

స్క్రిప్ట్ రాసిన అబ్బాయిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అతను తన కీబోర్డు మీద నొక్కి చూశాడు, పనిచేసింది. అతని కీబోర్డు ఇంగ్లీషులో ఉంది. ఫారంలోని గడుల పేర్లన్నీ చక్కటి తెలుగులో పెట్టినవాడు, నింపేవాళ్ళ చేతులు కూడా తెలుగులో ఉంటాయన్నది తట్టక వదిలేశాడు. తెలుగు కనిపించడం వేరు, తెలుగులో పని సాగడం వేరు. ఈ తేడా వల్ల ఎక్కడా ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ రాలేదు. తెలుగులో కొట్టేవాళ్ళకు పని కాస్త కష్టమైంది, ఇంగ్లీషులో కొట్టేవాళ్ళకు సులువైంది. మిగతాది విసుగే చేసింది. ఎవరూ తెలుగు వద్దనలేదు, అయినా రెండు వందల పేర్లు తెలుగులోంచి వెళ్ళిపోయాయి.

ఆ రెండు వందల పేర్లనూ తిరిగి రాయడం స్క్రిప్ట్ బాగుచేయడం కన్నా పెద్దపని అయింది. రిజిస్టర్లు చూసుకునే తాత పేజీ తిప్పుతూ చదివాడు, అక్కలు కొట్టారు, నేను సరిచూశాను. కొన్నిచోట్ల సిరా మాసిపోయింది. ఒక ఇంటిపేరు రిజిస్టర్లో దొంత అని ఉంది. అదే ఇంటి కాగితాలు మరాఠీలో దోంతా అంటున్నాయి. మరాఠీ రాతలో హ్రస్వమైన ఒకారం లేదు, ఇంకేం చేస్తారు? ఆ ఇంటి కుర్రాడిని పిలిచి అడిగితే తను కూడా దోంతా అనే అన్నాడు. ఏది రాయాలని చిన్నక్క తాత మొహం చూసింది. తాత కళ్ళద్దాలు తీసి, "వీని తాత దొంత. వీడు దోంతా అంటడు. రెండూ రాయి బిడ్డా, ఒకటి కొట్టేస్తె ఇంకోటి దొరకది" అన్నాడు.

అందుకని ఫారంలో ఒక గడి పెంచాం. మొదటి గడి "రిజిస్టర్లో పేరు". రెండో గడి "కాగితాల్లో పేరు". ఇప్పుడు ఎవరైనా ఆధార్ కార్డు పట్టుకుని వచ్చి అందులోని పేరు చెప్తే వాళ్ళ తాత రికార్డు దొరుకుతుంది. షార్ట్‌కట్ చెడిపోకపోతే ఆ రెండో గడి సంగతి ఎవరికీ తట్టేది కాదేమో.

మన డిపార్ట్‌మెంటు లైబ్రరీ పుస్తకాల జాబితాను ఈ ఏడాది కంప్యూటర్‌లోకి ఎక్కిస్తామని మేడం అన్నారు. ఎక్కించేది మనమే. ఫారం చేతికి రాగానే పుస్తకాలు మొదలుపెట్టకముందు ఐదు నిమిషాలు ఇలా చూద్దాం. తెలుగులో పెట్టి ప్రతి షార్ట్‌కట్టూ నొక్కుదాం. క్యాప్స్ లాక్ వేసి ఇంకోసారి నొక్కుదాం. ఫొనెటిక్‌లో ఒక మాట కొట్టి, సగంలో ఉండగా ఎంటర్ కొడదాం. సేవ్ అయిందని తెర చెప్పినా సరే, జాబితా తెరిచి పేరు నిజంగా ఉందో లేదో చూద్దాం. చివరగా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూద్దాం. అందులో అదే పేజీ పది కాపీలు కనిపిస్తే మా సెక్షన్‌కు వచ్చి నన్ను పిలవండి, ఎక్కడ వెతకాలో నాకు తెలుసు.